ప్రజాకవి వేమన – కటారుపల్లి సమాధి దర్శనం



డిసెంబర్ 17 పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు ఆదేశించారు. 34 సంవత్సరాలు నోట్ ఫైళ్ళు, డ్రాఫ్టులు వ్రాసిన అనుభవమే తప్ప సాహిత్యం వ్రాసిన అనుభవం నాకు లేదు. పండితులు పెద్ద మనసుతో చదవగలరు. నేను ఎన్నుకున్నది మన జిల్లా మట్టిలో శాశ్వతంగా విశ్రమించాడని జనం నమ్ముతున్న వేమనను.

మాది కణేకల్. కన్నడంలో కల్లు అంటే రాయి. మా ఊరి పేరు చివరన ఆ రాయి ఉంది. ఊరికి చెరువు ఉంది, తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు ఉన్నాయి, వరి పండుతుంది. కానీ ఊరు దాటి ఎటు వెళ్ళినా ఒక వైపు హగరి ఇసుక, మరొక వైపు బీడు, బండలు. జిల్లా మొత్తం మీద ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా అదునుకు పడదు. మా రాయదుర్గం తాలూకా 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి నుంచి విడిపోయి ఆంధ్రలో చేరింది, 1956లో అనంతపురం జిల్లాలో కలిసింది. అందువల్ల మా ఇళ్ళలో సగం మాటలు తెలుగు, సగం కన్నడం. రెండు భాషల వారూ తమవాడేనని చెప్పుకునే కవి వేమన. మా చిన్నతనంలో ఇంట్లో తెలుగులో వేమన పద్యం చెప్పేవారు, బళ్ళారి బంధువులు వస్తే అదే పద్యాన్ని కన్నడంలో చెప్పేవారు. ఆయన ఏ భాష కవి అనే సందేహం నాకు పదేళ్ళ వయసు దాకా తీరలేదు.

ఇక విషయానికి వస్తాను. గుమాస్తా బుద్ధి కాబట్టి, ఎవరి చరిత్ర అయినా సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ లాగా చూడటం నాకు అలవాటు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, స్వగ్రామం, ఆధారం. వేమనకు ఈ పేజీ నింపబోతే పేరు ఒక్కటే నిలుస్తుంది.

పుట్టిన తేదీ లేదు. 15వ శతాబ్దం వాడని కొందరు, 17వ శతాబ్దం వాడని మరికొందరు పండితులు వాదించారు. అంటే మధ్యలో 200 ఏళ్ళ తేడా. మన ఆఫీసుల్లో పుట్టిన తేదీలో ఒక్క నెల తేడా వస్తే పెన్షన్ ఫైలు ఎన్ని బల్లలు తిరుగుతుందో మీకు తెలుసు. స్వగ్రామం కొండవీడని పద్యాలలో ఆధారం చూపుతారు. అందుకే కొండవీటి రెడ్డిరాజుల వంశంలో పుట్టాడని ఒక కథ పుట్టింది. రాయలసీమలోని రైతు కుటుంబంలో పుట్టాడని మరొక వాదం. ఆయన మాటల్లో దున్నే వాని భాష, పశువుల సంగతి, కరువు సంగతి అంతగా ఉండటం చూస్తే, రాజకుమారుడైనా కాకపోయినా చేను తెలిసినవాడని మాత్రం నాకు అనిపిస్తుంది.

జీవిత కథ జనశ్రుతిగా వచ్చింది. యౌవనంలో వేమన ఒక వేశ్య వలలో పడి ఇల్లు పట్టించుకోలేదట. ఆమె వేమన వదినగారి నగలు కావాలని అడిగిందట. వదిన నగలన్నీ ఇచ్చి, ముక్కెర విషయంలో మాత్రం ఒక షరతు పెట్టి, ఆ షరతు ద్వారానే మరిదికి కళ్ళు తెరిపించిందట. ఆ వదినను కర్ణాటకలో హేమరెడ్డి మల్లమ్మగా పూజిస్తారు. మా సరిహద్దు ఊళ్ళలో మల్లమ్మ కథ చెప్పని ముసలమ్మ ఉండేది కాదు. 1947లో కె.వి. రెడ్డి గారు తీసిన యోగి వేమన సినిమాలో నాగయ్య గారు వేమనగా నటించారు. అందులో అన్న కూతురు చిన్నపిల్ల చనిపోవడం వేమన మనసు మార్చినట్లు చూపించారు. నగ వల్ల మారాడా, బిడ్డ చావు వల్ల మారాడా చెప్పగలిగే వారు లేరు. రెండు కథల్లోనూ అతన్ని మార్చింది ఇంట్లో మనుషులే కాని గ్రంథాలు కావు.

రెండవ కథ అభిరాముడిది. అభిరాముడు కంసాలి, వేమనకు మిత్రుడు. అతడు రోజూ చీకటితో లేచి లంబికా శివయోగి అనే గురువుకు సేవ చేసేవాడట. గురువు ఉపదేశం ఇస్తానన్న రోజున వేమన ఏదో మిషతో మిత్రుణ్ణి ఇంటి దగ్గర నిలిపి, తాను అతని బదులు వెళ్ళి ఆ ఉపదేశం పొందాడట. తిరిగి వచ్చి అభిరాముని కాళ్ళ మీద పడి, ఆ రుణం తీర్చుకోవడానికి తన పద్యాల మకుటంలో అతని పేరు చేర్చాడని చెబుతారు. మకుటానికి వేరే అర్థాలు చెప్పే పండితులు ఉన్నారు. నాకు మాత్రం జనం చెప్పే అర్థమే నచ్చుతుంది. ఇంకొకరి శ్రమ ఫలం తాను తీసుకున్నానని ఒప్పుకుని, ఆ మనిషి పేరును ప్రతి పద్యం చివర నిలిపినవాడు లోకంలో అరుదు. అధికారి సంతకం కింద డ్రాఫ్టు వ్రాసిన గుమాస్తా పేరు ఏ ఫైలులోనూ కనపడదు కదా.

ఆ తరువాత వేమన సర్వం విడిచి ఊరూరా తిరిగాడు. ఆటవెలది ఛందస్సులో, మూడు పాదాల్లో విషయం చెప్పి, నాలుగో పాదం మకుటంగా ముగించేవాడు. కులం పేరు మీద ఎక్కువ తక్కువలు పెట్టడాన్ని, లోపల మురికి పెట్టుకుని పైన చేసే పూజలను, పిసినారితనాన్ని, దొంగ గురువులను ఎత్తిపొడిచాడు. ఎవరి మెప్పూ కోరలేదు. ఏ రాజు ఆస్థానంలోనూ చేరలేదు. అందుకే ఏ రాజు శాసనంలోనూ అతని పేరు లేదు. అంటే ఆధారం అనే గడి కూడా ఖాళీయే.

ఆ ఖాళీని కొంత పూడ్చినవాడు ఒక ఆంగ్లేయ ఉద్యోగి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసు వచ్చి కంపెనీ కొలువులో చేరి, 1820లో కడపకు వచ్చాడు. 1824లో మచిలీపట్నంలో ఉండగా ఒక ఫ్రెంచి మతగురువు దుబాయి వ్రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన చూసి, పద్యాలు సేకరించడం మొదలు పెట్టాడు. తాళపత్రాలు తెప్పించాడు, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని పాఠాలు సరిచూయించాడు. 1829లో 693 పద్యాలు ఆంగ్లానువాదంతో అచ్చు వేయించాడు. 1839లో 1164 పద్యాలతో మళ్ళీ వేశాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. 1884లో లండనులో కన్నుమూశాడు. ఆయన కడపలో పని చేసిన కాలంలో కదిరి తాలూకా కడప జిల్లాలోనే ఉండేది. 1910లో అనంతపురానికి మారింది. అంటే తాను వెతుకుతున్న కవి సమాధి తన జిల్లాలోనే ఉందన్నమాట. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోటనే ఆయన పేర గ్రంథాలయం నిలవడానికి అహర్నిశలు శ్రమించిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు మన రాయదుర్గంలో పుట్టినవారు. ఇది మా ప్రాంతం వారికి గర్వకారణం.

మన జిల్లా వారే మరొకరు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు. 1893లో రాళ్ళపల్లి గ్రామంలో పుట్టి, మైసూరులో అధ్యాపకులుగా చాలాకాలం పని చేశారు. 1928లో ఆయన వేమన మీద అనంతపురంలో ఉపన్యాసాలిచ్చారు. అంతవరకు వేమనను కవుల వరుసలో కూర్చోబెట్టడానికి పండితులు తటపటాయించేవారు; శర్మ గారి ఉపన్యాసాలతో ఆ సంకోచం చాలా వరకు పోయింది. తరువాత నార్ల వెంకటేశ్వరరావు గారు సాహిత్య అకాడమీ కోసం ఆంగ్లంలో వేమన గురించి పుస్తకం వ్రాశారు. ఎన్. గోపి గారు వేమన మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. 1972లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం వచ్చింది.

ఇదంతా పుస్తకాల్లో చదివినది. ఇక నేను కళ్ళారా చూసినది చెబుతాను.

2009లో పదవీ విరమణ చేసిన తరువాత, కటారుపల్లి చూడాలన్న కోరిక నన్ను విడువలేదు. సర్వీసులో ఉండగా ఎన్నోసార్లు అనుకున్నాను. సెలవు దొరికితే పెళ్ళో చావో వచ్చేది. 2012 ఫిబ్రవరిలో మా బావగారు, నేను బయలుదేరాము. బావగారు ప్రాథమిక పాఠశాలలో అయ్యవారుగా పని చేసి రిటైరైనవారు. ఆ ముందు ఖరీఫ్‌లో వాన ముఖం చాటేసి శెనక్కాయ పంట పోయింది. దారి పొడుగునా చేలు ఎండిపోయి ఎర్రగా కనపడ్డాయి. రాత్రి కదిరిలో బస చేసి, తెల్లవారుజామున లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకుని, రాయచోటి వైపు వెళ్ళే బస్సు ఎక్కి గాండ్లపెంట ప్రాంతంలో దిగాము.

ఆటోలు ఉన్నాయి. కానీ బావగారు నడుద్దామని పట్టుబట్టారు. జీవితమంతా కాలినడకన తిరిగిన మనిషి దగ్గరకు ఆటోలో పోవడం బాగుండదని ఆయన అభిప్రాయం. నాకు మోకాళ్ళ నొప్పి ఉన్నా కాదనలేకపోయాను. సద్ది మూట, నీళ్ళ సీసా పట్టుకుని చేలగట్ల వెంట అడ్డదారిన పడ్డాము. బోడ గుట్టలు, గుండ్రాళ్ళు, తుమ్మ, రేగు పొదలు. వంక ఎండి ఇసుక మిగిలింది. గంట నడిచేసరికి దారి రెండుగా చీలింది. ఎటు పోవాలో చెప్పే బోర్డు లేదు. పొలాల నిండా రాళ్ళు నాటి ఉన్నాయి. సరిహద్దు రాళ్ళు కొన్ని, గ్రామదేవతకు పసుపు పూసిన రాళ్ళు కొన్ని. ఇన్ని రాళ్ళలో మనం వెతికే రాయి ఏదని బావగారు నవ్వారు.

ఒక చింతచెట్టు కింద ఒక వృద్ధురాలు కూర్చుని చింతకాయలు కొట్టి గింజ తీస్తున్నది. మా తెల్ల చొక్కాలు చూసి, పంట నష్టం వ్రాసుకోవడానికి వచ్చిన ఆఫీసు వాళ్ళమనుకుంది. లేచి నిలబడి, తన పేరు జాబితాలో ఉందో లేదో చూడమని అడిగింది. మేము రిటైరైన వాళ్ళమని, వేమన సమాధి చూడటానికి పోతున్నామని చెప్పాము. జాబితా లేదని ముఖం కాస్త చిన్నబుచ్చుకున్నా, వేమయ్య దగ్గరికా అంటూ మమ్మల్ని కూర్చోబెట్టి కుండలో నీళ్ళు ఇచ్చింది. వేమయ్య అనడంలో ఒక పూర్వకవిని తలచినట్లు లేదు. పక్క ఇంటి పెద్దాయనను తలచినట్లు ఉంది.

బావగారికి అయ్యవారి బుద్ధి కదా, ఆమెకు పద్యాలు వస్తాయా అని అడిగారు. ఆమె అక్షరం ముక్క చదువుకోలేదు. కానీ ఆగకుండా పది పద్యాల పైన చెప్పింది. అందులో రెండు, బడిపుస్తకం ద్వారా నలభై ఏళ్ళు పద్యాలు నేర్పిన మా బావగారే ఎన్నడూ వినలేదు. అవి వేమన చెప్పినవో, ఆయన పేరు పెట్టి తరువాతి వారు కట్టినవో దేవుడికి తెలియాలి. బ్రౌన్ దొరకు ఎదురైన చిక్కు కూడా ఇదే. ప్రతి ప్రతిలో పద్యాలు వేరు, ప్రతి నోటిలో మాటలు వేరు. అయినా నాకు ఒక విషయం అక్కడ స్పష్టమైంది. నేను రిజిస్టరులో వెతికిన ఆధారం ఆ చింతచెట్టు కింద ఉంది. శాసనం లేదు, దానపత్రం లేదు, సంతకం లేదు. కానీ పంట పోయి, జాబితాలో పేరు ఉందో లేదో తెలియని మనిషి నోట ఆ మాటలు ఉన్నాయి.

ఆమె చూపిన దారిన కటారుపల్లి చేరాము. చిన్న పల్లె. సమాధి మీద గుడి కట్టారు. లోపల వేమన విగ్రహం ఉంది. ఆయన వంశీకులమని చెప్పుకునే కుటుంబం వారు తరతరాలుగా పూజ చేస్తున్నారు. శ్రీరామనవమి నాడు వేమన అక్కడ సమాధి అయ్యాడని ఊరివారి నమ్మకం. కొండవీడు వదిలి, దేశం తిరిగి, చివరికి ఈ కరువు సీమను ఎందుకు ఎంచుకున్నాడో అనే ప్రశ్న ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు నాకు కలిగింది. ఊరివారు మాత్రం ఇది ప్రశ్నే కాదన్నట్లు ఉన్నారు. ఆయన ఇక్కడి వాడే అంటారు.

అక్కడ మా ఇద్దరికీ వాదన వచ్చింది. టెంకాయ కొట్టాలా వద్దా? రాతిని మొక్కి మనిషిని మరిచే వారిని జీవితమంతా వెక్కిరించిన మహానుభావుని రాతికే టెంకాయ కొట్టడం ఆయనను అవమానించడమేనని నేనన్నాను. మా బావగారు ఒప్పుకోలేదు. చదువుకున్న వాళ్ళు పుస్తకం దాచుకుంటారు, చదువు లేని వాళ్ళకు రాయి తప్ప దాచుకోవడానికి ఏముంది అన్నారు. ఈ గుడి లేకపోతే ఎవరో ఎప్పుడో ఈ దిబ్బను దున్ని శెనక్కాయ విత్తి ఉండేవారనీ, అప్పుడు మనం ఏమి చూడటానికి వచ్చేవాళ్ళమనీ అడిగారు. నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆయన మాటకు నేను పూర్తిగా ఒప్పుకోనూ లేదు. చివరికి టెంకాయ కొట్టి, ముక్కలన్నీ అక్కడ ఆడుకుంటున్న పిల్లలకు పంచాము. సద్ది విప్పి పూజారి గారితో, ఇద్దరు గొర్రెల కాపరులతో కలిసి తిన్నాము. ఎవరి కులం ఏమిటని ఎవరూ అడగలేదు. ఆ పూట వరకైనా ఆ రాయి తన పని చేసిందనుకున్నాను.

తిరుగు దారిలో మళ్ళీ ఆ చింతచెట్టు దగ్గర ఆగాము. ఆ తల్లి పేరు, ఊరు, సర్వే నంబరు ఒక కాగితం మీద వ్రాసుకుని, పంట నష్టపరిహారానికి ఒక అర్జీ వ్రాసి ఆమె వేలిముద్ర తీసుకున్నాను. 34 ఏళ్ళ సర్వీసులో వందలాది అర్జీలు నా బల్ల మీదకు వచ్చాయి. చెట్టు కింద కూర్చుని ఒకరి తరఫున వ్రాసింది అదే మొదటిది. మరుసటి రోజు కదిరిలో దాఖలు చేసి రసీదు ఆమెకు చేరేలా ఏర్పాటు చేశాము.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి, కటారుపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది. మా కణేకల్ అనంతపురం జిల్లాలోనే ఉంది. వేమన ఉన్న చోటు ఇలా కడప నుంచి అనంతపురానికి, అనంతపురం నుంచి మరొక జిల్లాకు మారుతూ వస్తున్నది; ఆయన మాత్రం ఎవరి హద్దుకూ కట్టుబడలేదు. జనవరి 19న వేమన జయంతిని కర్ణాటక ప్రభుత్వం అధికారికంగా జరుపుతున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2023లో అధికారికంగా జరిపింది. పుట్టిన తేదీ తెలియని వానికి జయంతి ఏమిటని అడిగే వారుండవచ్చు. తలచుకోవడానికి ఒక రోజు అంటూ కావాలి కదా.

మనం ఏటా బతికి ఉన్నామని రుజువు చూపడానికి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాము. వేలిముద్ర అరిగిపోయి యంత్రం పట్టకపోతే కంగారు పడతాము. వేమనకు ఆ సర్టిఫికెట్ ఇచ్చేది చింతచెట్టు కింద కూర్చున్న ఆ తల్లి వంటివారు. అటువంటివారు ఇప్పుడు తగ్గిపోతున్నారు. మన మనవలు, మనవరాళ్ళు ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. తప్పు పట్టడం లేదు, వారి భవిష్యత్తు వారిది. మా ఇంట్లో మనవడికి వేమన అంటే ట్యాంక్‌బండ్ మీద ఉన్న ఒక విగ్రహం మాత్రమే.

కాబట్టి సభ్యులందరికీ ఒక విన్నపం. మీకు కంఠస్థమైన వేమన పద్యాలను ఒక నోటు పుస్తకంలో వ్రాయండి. ఎవరి నోట విన్నారో, ఏ ఊళ్ళో విన్నారో పక్కన వ్రాయండి. పుస్తకాల్లో ఉన్నదానితో తేడా ఉంటే దిద్దకుండా విన్నది విన్నట్లే వ్రాయండి. వ్రాసిన తరువాత మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. వచ్చే జనవరి 19న మన సంఘ భవనంలో ఆ నోటు పుస్తకాలు తెచ్చి చూపుకుందామని కార్యదర్శి గారికి ప్రతిపాదించాను, వారు సమ్మతించారు. ఓపిక ఉన్నవారు కటారుపల్లి వెళ్ళి రావాలని కూడా కోరుతున్నాను. దారిలో కొంత దూరమైనా నడవండి. మంచినీళ్ళు వెంట పెట్టుకోండి; వేసవిలో మాత్రం వెళ్ళవద్దు.



– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, కణేకల్